ఈనోస్ శంఖం, టామ్సిన్ నిచ్చెన

రండి, రండమ్మా, ఇలా నా పక్కకి జరగండి. చేతికంటిన పొలుసు ఆ గోనెకి తుడుచుకోండి. చేపలు పేర్చడం అయింది, శంఖం ఇంకా పడలేదు, మంచేమో దూది పరిచినట్టు పట్టింది. ఇంతకన్నా మంచి వేళ ఏం దొరుకుతుంది కబుర్లకి? మీలో ఎవరో అడిగారు కదా, మంచు పట్టిన శనివారం సంఘపెద్ద శంఖం నోటికి పెట్టుకునే ముందు రేవు కేసి తిరిగి "ఎన్నో మెట్టు?" అని ఎందుకు కేకేస్తాడని. నిచ్చెన దగ్గరున్న ఆడమనిషి బదులు చెప్పేదాకా ఎందుకు ఊదడని. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. ఒక మనిషి ఏడాది బతుకు దాని మీద ఊగింది. దగ్గరికి రండి, చెబుతాను.

ఆ మనిషి పేరు టామ్సిన్. డెవన్ సీమలో తిండి దొరక్క, సముద్రం దాటే ఓడ ఖర్చు కింద తన ఏడేళ్ళ చాకిరీ రాసిచ్చి, పద్దెనిమిదో ఏట ఈ హేక్ రేవులో దిగింది. ఆ ఏడేళ్ళూ కొనుక్కున్న వర్తకుడు ఒబడయా క్రీల్. కాడ్ చేప పట్టించడం, చీల్పించడం, ఉప్పు వేయించి ఎండబెట్టించడం, ఓడకెత్తించి స్పెయిన్ దేశం పంపించడం ఆయన వ్యాపారం. అన్నీ చేయించడమే గానీ ఒక్కటీ తన చేత్తో చేసి ఎరగడు. పడవ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. సముద్రం మీద డబ్బు చేసుకున్నాడు గానీ సముద్రం కేసి సరిగ్గా చూసిన మనిషి కాదు.

టామ్సిన్ పని మంచెల దగ్గర. ఒడ్డున కర్రలు పాతి, పైన కొమ్మలు పరిచిన మంచెలు ఇరవై ఆరు. వాటి మీద చీల్చిన చేప పొద్దున్నే మాంసం పైకి ఉండేలా పరవాలి. పొద్దు గూకే ముందు ఒక్కో చేపనీ బోర్లించి, చర్మం పైకి పెట్టి, చిన్న చిన్న కుప్పలుగా పేర్చి, బెరడు పట్టలు కప్పి రాయి పెట్టాలి. చర్మం మీద వాన పడితే జారిపోతుంది. మాంసం మీద పడిందా, చేప జిగురెక్కి ఎర్రబారిపోతుంది, పందికి వేసినా మూతి తిప్పుకుంటుంది.

ఏడేళ్ళలో ఇంక మిగిలినవి పదకొండు రోజులు. పన్నెండో రోజున ఊరి సభ. ఆ సభ మీదే టామ్సిన్ ప్రాణమంతా పెట్టుకుంది. ఎందుకంటే, క్రీల్ మంచెల పక్కనే మారా అవ్వ అని ఒక ముసలామెకి చిన్న ఇసుక తిన్నె ఉండేది. మొగుణ్ణి సముద్రం మింగింది, పిల్లలు లేరు, మోకాళ్ళు పట్టేశాయి. చేప ఎండబెట్టలేని వాళ్ళ దగ్గర తిన్నె ఉంచకూడదని ఊరి కట్టడి. తోడు నిలబడి చేసే స్వతంత్రురాలు ఒకత్తి ఉంటే మాత్రం ఉంచుకోవచ్చు.

"ఆ రోజు సభలో నీ పేరు చెబుతానే పిల్లా" అంది మారా అవ్వ. "అప్పటికి నువ్వు ఎవరి మనిషివీ కాకుండా ఉండు, అదే చాలు. గుడిసె నీది, తిన్నె నీది, నా గొణుగుడూ నీదే."

ఆ తిన్నె మీద క్రీల్‌కి మూడేళ్ళుగా కన్ను. టామ్సిన్ లేకపోతే అది ఆయన చేతికే వస్తుంది. ఆయన దగ్గరున్న కట్టుబడి కాగితంలో రెండు ముక్కలున్నాయి. పనిమనిషి అశ్రద్ధ వల్ల చేప పాడైతే ఇంకో ఏడాది. సబ్బాతు, అదే వారానికో రోజు విశ్రాంతి దినం, మీరితే ఇంకో ఏడాది. ఏడేళ్ళూ ఆ రెండు ముక్కల మధ్య నుంచి సూదిలో దారంలా నడిచింది టామ్సిన్.

ఇలా ఉండగా, ఆ శనివారం మధ్యాహ్నం నుంచే మంచు దిగింది. మన వాళ్ళకి శనివారం పొద్దు గూకితే సబ్బాతు మొదలు, మళ్ళీ ఆదివారం పొద్దు గూకేదాకా వేలు కదపరాదు. మంచులో పొద్దు ఎక్కడ కనిపిస్తుంది? ఇసక గడియారం తిప్పుకుంటూ సంఘపెద్ద ఈనోస్ పెల్లమ్ గుట్ట మీద కూర్చుంటాడు. వేళయిందని తోచగానే శంఖం ఊదుతాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. అబద్ధం ఎరగడు, నవ్వూ ఎరగడు. ఆయన శంఖం పడిందంటే దేవుడే పలికినట్టు.

టామ్సిన్ అప్పుడే చేప పేర్చడం మొదలుపెట్టింది. అయిదు మంచెలు అయ్యాయి. ఆరో దాని మీద చేప చేతిలోకి తీసుకుందో లేదో, గుట్ట మీంచి బూ... అని శంఖం.

చేతిలో చేప గాలిలోనే ఆగిపోయింది.

రేవు నిచ్చెన పక్కన బాన కడుక్కుంటున్న మారా అవ్వ తల పైకెత్తింది. "ఇదేం శంఖమమ్మా! మధ్యాహ్నం తాగిన జావ ఇంకా గొంతు దిగలేదు నాకు."

"అవ్వా, ఇరవై ఒక్క మంచె పరిచినవి పరిచినట్టే ఉన్నాయి!"

"అయితే నన్నేం చెయ్యమంటావు? దింపు ఆ చేప. ఎలా ఉందో అలాగే దింపు."

టామ్సిన్ దాన్ని ఎలా తీసిందో అలాగే, మాంసం పైకి పెట్టి, దింపింది. బోర్లించినా పనే కదా.

సరిగ్గా అప్పుడే క్రీల్ రేవు చెక్కల మీద నిలబడి ఉన్నాడు. ఆయన కూలివాడు పడవలోంచి ఉప్పు బస్తా భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. నిచ్చెనకి పై నుంచి మూడో మెట్టు దగ్గర వెడల్పాటి పలక ఉంది, మీకు తెలుసు. నీళ్ళు ఆ పలక అడుగును అప్పుడప్పుడే నాకుతున్నాయి.

"అక్కడే దించెయ్!" అని కేకేశాడు క్రీల్. "శంఖం పడ్డాక మొయ్యకూడదు."

"నీళ్ళొస్తాయేమో దొరా."

"ఏం నీళ్ళు? సగం చంద్రుడి మర్నాడు పొద్దు గూకితే పోటు నిండు. మీ చేపలోళ్ళు చెప్పే మాటేగా! శంఖం పడింది, ఇంక నీరు పైకి రాదు. దించు."

కూలివాడు బస్తా పలక మీద దించాడు. క్రీల్ అక్కణ్ణించి మంచెల దగ్గరికి వచ్చాడు. పరిచి ఉన్న చేపల్ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే టామ్సిన్‌ని భయపెట్టింది.

"సోమవారం ఓడకెత్తాల్సిన సరుకు ఇది, టామ్సిన్."

"శంఖం తొందరగా పడిందయ్యా. ఇంకా గంటకి పైన పొద్దుందనుకున్నా."

"సంఘపెద్ద తప్పంటావా?"

ఆమె తను దింపిన చేప కేసి చూసింది.

"రేపు వాన రాకపోతే నీ అదృష్టం. వచ్చి చేప పాడైతే కాగితంలో మొదటి ముక్క. పాడవుతుందని ముట్టుకున్నావో, రెండో ముక్క." ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "దేవుడి మీద భారం వేసి పడుకో."

ఆ రాత్రి టామ్సిన్ దేవుడి మీద భారం వేసింది గానీ నిద్ర మాత్రం పట్టలేదు.

ఆదివారం తెల్లవారేసరికి మంచు విడిపోయింది. దక్షిణపు గాలి వెచ్చగా, తడిగా వీస్తోంది. ఊరంతా ప్రార్థనశాలకి నడుస్తుంటే రేవు దగ్గర క్రీల్ గొంతు వినిపించింది. పలక మీద బస్తా చప్పిడి దవడలా కుంగిపోయి ఉంది. ఉప్పు సగానికి పైగా కరిగిపోయింది.

"దొంగముండా కొడుకెవడో నీళ్ళలోకి తోసి మళ్ళీ పెట్టాడు!" అంటూ ప్రార్థనశాల వాకిలి దాకా అరుస్తూనే వచ్చాడు. "నా కళ్ళ ముందే దింపించాను. శంఖం పడ్డప్పుడు నీళ్ళు పలకకి తగిలీ తగలకుండా ఉన్నాయి. పోటు నిండాక నీరెలా ఎక్కుతుంది? ప్రమాణం చేసి చెబుతాను!"

"సబ్బాతు నాడు ఉప్పు గోలేమిటి క్రీల్?" అన్నాడు ఈనోస్, వాకిట్లో నిలబడి. "లోపలికి పద."

జనమంతా విన్నారు. విని, లోపలికి నడిచారు. టామ్సిన్ మాత్రం మెట్టు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగిపోయింది. నీరెలా ఎక్కుతుంది? పోటు నిండలేదు గనక ఎక్కింది. పోటు నిండలేదంటే పొద్దు గూకలేదు.

పొద్దుటి ప్రసంగానికీ సాయంత్రం ప్రసంగానికీ మధ్య మారా అవ్వ గుడిసెలో ఇద్దరూ నిన్న వండిన చిక్కుడు గింజలు చల్లగా తింటున్నారు. తలుపులోంచి చూస్తే ఆగ్నేయ మూల సముద్రం మీద మసిగుడ్డ లాంటి మబ్బు ఒకటి కూర్చుని ఉంది.

"అవ్వా, నిన్న నువ్వు బాన కడిగినప్పుడు నీళ్ళు ఎక్కడున్నాయి?"

"పలక అడుగున. ఎందుకూ?"

"పోటు నిండితే ఎక్కడికి రావాలి?"

"ఈ చంద్రుడికి పై మెట్టు తడవాలి. తొట్టిలో పిల్లనడిగినా చెబుతుంది." అంటూనే మారా అవ్వ చెంచా ఆపేసింది. గిన్నె పక్కన పెట్టేసింది. "వద్దే పిల్లా. నువ్వనుకుంటున్నది బయటికి అనకు."

"ఆయన శంఖం నిజంగా సబ్బాతును తెచ్చిందనుకో, ఆ సబ్బాతు నిన్న నీళ్ళు పలకకి తగిలినప్పుడు మొదలైంది. ఒక రోజు ఒక రోజే కదా. పోటు రోజుకి రెండు ఘడియలు వెనకబడుతుంది. ఇవాళ నీళ్ళు మళ్ళీ పలకకి తగిలేసరికి రోజు నిండి, పైన రెండు ఘడియలు కూడా అయినట్టే."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఈనోస్ పెల్లమ్‌కి ఎవరు చెబుతారు? ఆయన మొహం చూస్తే పాలు విరుగుతాయి. ఇంక పది రోజులే! నోరు కుట్టుకుని కూర్చో."

"వాన వస్తే?"

మారా అవ్వ మబ్బు కేసి చూసింది. "వస్తే... వస్తుంది" అంది.

పనివాళ్ళు కూర్చునేది ప్రార్థనశాల అటక మీద. ఆడవాళ్ళ వైపు చివర బల్ల దగ్గర అరచేయంత గాజు కిటికీ, అందులోంచి రేవు, నిచ్చెన, మంచెలు కనిపిస్తాయి. టామ్సిన్ అక్కడ కూర్చుంది. కింద పాస్టరు టిల్‌స్టన్ ఇసక గడియారం తిప్పి ప్రసంగం మొదలుపెట్టాడు. నిద్రపోయేవాళ్ళని లేపడానికి కావలి జేబెజ్ పొడుగాటి కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. దాని ఒక కొసకి నక్క తోక, అది ఆడవాళ్ళకి. ఇంకో కొసకి చెక్క ముడి, అది మగవాళ్ళకి.

మొదటి గడియారం ఖాళీ అయ్యేసరికి మబ్బు కొండంత అయింది. పాస్టరు గడియారం తిప్పాడు. నీళ్ళు పలకకి ఇంకా మూడు మెట్లు దిగువనే ఉన్నాయి.

టామ్సిన్ ఒక కన్ను మబ్బు మీదా, ఒక కన్ను నీళ్ళ మీదా వేసి కూర్చుంది. మబ్బుకి కాళ్ళు వచ్చినట్టుంది. నీళ్ళకేమో పక్షవాతం వచ్చినట్టుంది. కింద ప్రసంగంలో ఒక్క మాటా చెవికెక్కడం లేదు. లేచి పోదామా? ఇప్పుడు లేస్తే చేప దక్కుతుంది, తన మాట దక్కదు. ఇంకా రోజు నిండలేదు. నిండకుండా లేస్తే క్రీల్ కాగితంలో రెండో ముక్క న్యాయంగానే తన మెడకి చుట్టుకుంటుంది. దేవుడి ముందు తనకీ ముఖం ఉండదు. కూర్చుంది.

ఒక మెట్టు మునిగింది. దూరంగా ఉరిమింది. రెండో గడియారమూ ఖాళీ అయింది. పాస్టరు మూడోసారి తిప్పాడు, ఎవరో నిట్టూర్చారు. ఇంకో మెట్టు మునిగింది. జేబెజ్ ఆమె దగ్గర ఆగి నక్క తోక చెంప మీద ఆడించాడు. "కిటికీలోంచి ఏం చూస్తున్నావే? పరలోకం అటు లేదు" అని గుసగుసలాడాడు.

టామ్సిన్ కదలలేదు. కిటికీ గాజు మీద ఒక్క చినుకు పడి జారింది.

అప్పుడు అల ఒకటి వచ్చి పలక అడుగును తాకి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. అది వెళ్ళలేదు.

టామ్సిన్ లేచి నిలబడింది. అటక మెట్లు దిగుతుంటే చెక్క చెప్పుల చప్పుడు ప్రార్థనశాలంతా మోగింది. పాస్టరు మాట మధ్యలో ఆగాడు. క్రీల్ తల తిప్పాడు. ఈనోస్ ముందు బల్ల మీద రాయిలా ఉండిపోయాడు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా తలుపు తెరుచుకుని బయటికి నడిచింది, తర్వాత పరిగెత్తింది.

కుప్పలు పేర్చే వేళ లేదు. బోర్లించడమే. రెండు చేతులా రెండు చేపలు, తిప్పు, తిప్పు, తిప్పు. నాలుగో మంచె దగ్గరుండగా జేబెజ్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఆపు! పొద్దు ఇంకా పైనే ఉంది! సబ్బాతు ఇది!"

"నా సబ్బాతు అయిపోయింది జేబెజ్ బాబాయ్. మీది నాకన్నా ఆలస్యంగా మొదలైతే ఆలస్యంగానే అవుతుంది."

"పిచ్చి గానీ ఎక్కిందా నీకు? అందరికీ ఒకటే శంఖం!"

"అదే నేనూ అంటున్నా. ఆ శంఖం పడ్డప్పుడు నీళ్ళెక్కడున్నాయో వెళ్ళి చూడు. పలక దగ్గర. ఇప్పుడెక్కడున్నాయో చూడు. చూసి వచ్చి కొట్టు, ఆ తోకతో కొడతావో ముడితో కొడతావో."

జేబెజ్ ఎత్తిన కర్ర దించాడు. ఆయనా ముప్ఫై ఏళ్ళు వల లాగినవాడే. కర్ర భుజానికి ఆనించుకుని రేవు కేసి చూస్తూ నిలబడిపోయాడు. ఆపలేదు, సాయమూ చెయ్యలేదు.

ఈలోగా ఇసకలో ఈడుస్తున్న అడుగులు వినిపించాయి. మారా అవ్వ.

"నోరు కుట్టుకోమన్నావు కదా అవ్వా!"

"నిన్ను కుట్టుకోమన్నాను. నా నోరు నా ఇష్టం. మాట్లాడకుండా తిప్పు." ఆమె వెనకే అటక మీంచి ఇంకో ఇద్దరు పనిపిల్లలు వచ్చారు. వాళ్ళలో ఒకత్తి మా అమ్మమ్మ. ఎందుకు వెళ్ళావమ్మా అని అడిగితే, "ఏమో, కాళ్ళు లేచాయి, వాటి వెంట నేను వెళ్ళాను" అనేది.

ఇరవై ఒక్క మంచెల్లో పందొమ్మిది బోర్లించారు. అప్పుడు వాన విరుచుకుపడింది. చివరి రెండు మంచెలూ కళ్ళ ముందే తడిసిపోయాయి. టామ్సిన్ వానలోనే నిలబడింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

సోమవారం పొద్దున ఊరంతా రేవులో చేరింది. ప్రార్థనశాలలో విచారణ అనుకున్నారు గానీ, టామ్సిన్ పాస్టరుని ఒకే ఒక్కటి అడిగింది. "నిచ్చెన దగ్గర అడగండయ్యా. నా సాక్షి అక్కడుంది, నడిచి రాలేదు."

క్రీల్ కట్టుబడి కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇందులో చెప్పుకోడానికేముంది? రెండొందల మంది చూశారు. ప్రార్థన మధ్యలో లేచిపోయింది, పొద్దుండగానే పని చేసింది, ఇంకో ముగ్గుర్ని చెడగొట్టింది. కొరడా మీ దయ. ఏడాది మాత్రం నాది."

"నీ చేప దక్కించింది కదయ్యా" అంది గుంపులోంచి ఎవరో ఆడమనిషి.

"రెండు మంచెలు పోయాయి!"

పాస్టరు టామ్సిన్ వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

ఆమె ఏడేళ్ళలో ఇంతమంది ముందు నోరు విప్పింది లేదు. "ముందు మా దొరగారిని ఒక్క మాట అడగాలయ్యా. శనివారం శంఖం పడ్డప్పుడు ఉప్పు బస్తా ఎక్కడ దింపించారు?"

"దీనికీ దానికీ సంబంధమేంటి?" అన్నాడు క్రీల్.

"చెప్పు" అన్నాడు పాస్టరు.

"పలక మీద. నిన్ననే ప్రమాణం చేసి చెప్పాను. నీళ్ళు పలక అడుగున ఉన్నాయి. తర్వాత ఎవడో దొంగ..."

"దొంగ కాదు" అంది మారా అవ్వ. "నేనక్కడే బాన కడుగుతున్నా. నీళ్ళు ఆయన చెప్పిన చోటే ఉన్నాయి. క్రీల్ నోట నిజం రావడం అరుదు, వచ్చినప్పుడు వాడుకోవాలి."

గుంపులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ తర్వాత ఇంకెవరూ నవ్వలేదు. అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే. సగం చంద్రుడి మర్నాడు, పలక, పై మెట్టు, మధ్యలో రెండు మెట్ల నీరు. ఒక్కొక్కరి కళ్ళల్లోనూ ఆ లెక్క తిరగడం టామ్సిన్ చూసింది. తిరిగాక ఒక్కొక్కరూ నేల కేసి చూశారు. ఎందుకంటే ఆ లెక్క చివర నిలబడి ఉన్నది ఈనోస్ పెల్లమ్.

"నేను సబ్బాతు మీరలేదయ్యా" అంది టామ్సిన్. "శంఖం పడ్డ క్షణం చేప వదిలేశాను. రోజు నిండి రెండు ఘడియలు దాటేదాకా కిటికీ దగ్గర కూర్చున్నాను, మబ్బు మీద పడుతున్నా. ఏడో రోజు విశ్రాంతి అన్నవాడే ఆరు రోజులు పని చెయ్యమన్నాడు. ఆ ఆరింట్లోంచి గంటన్నర పని నా చేతుల్లోంచి ఎవరు లాగేశారో, నాకు చెప్పే నోరు లేదు."

"అంటే సంఘపెద్ద సబ్బాతు మీరాడంటావా?" అని అరిచాడు క్రీల్. "విన్నారా! కట్టుబడి మనిషి సంఘపెద్ద మీద!"

పాస్టరు ఈనోస్ కేసి చూశాడు. అందరూ చూశారు. ఆయన కాదంటే చాలు. మంచులో పొద్దు చూసినవాడు లేడు. డెబ్భై ఏళ్ళ నిజాయితీ ఒక పక్క, పనిమనిషి మాట ఇంకో పక్క.

ఈనోస్ నిచ్చెన దగ్గరికి నడిచాడు. కోటు విప్పి జేబెజ్ చేతికిచ్చాడు. నిచ్చెన పట్టుకుని వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. ఒక మెట్టు. రెండు. జేబెజ్ సాయం పట్టబోతే చెయ్యి విదిలించాడు. మూడో మెట్టు దగ్గర పలక మీద మోకాళ్ళూని, బస్తా మూతి విప్పి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. అడుగున మిగిలిన పిడికెడు తడి ఉప్పు తీసి చూశాడు. పలక పక్క గుంజ మీద ఈ చంద్రుడి పోట్లు వదిలిన చార పై మెట్టు దాకా ఉంది. దాని మీదా వేలు పెట్టాడు.

పైకి చూడకుండానే మాట్లాడాడు. "మంచు రోజున నా చెయ్యి నిలవదు పాస్టరు గారూ. దేవుడి పొద్దులో కాస్త తగ్గిపోతుందేమోనని భయం. ఆఖరి గడియారం తిప్పకముందే, దాని ముందుదాంట్లో ఇసక ఉండగానే ఊదేస్తాను. ప్రతిసారీ కాస్త ముందు, కాస్త ముందు. ఆయనకి ఎక్కువ ఇస్తున్నాననుకున్నాను." పిడికిలి తెరిచాడు, ఉప్పు నీళ్ళలోకి జారిపోయింది. "ఇచ్చింది నాది కాదు. ఈ పిల్లది."

ఆయన మెల్లిగా నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు.

"అయితే నా ఉప్పు?" అన్నాడు క్రీల్. "శంఖం నమ్మి పెట్టానే!"

"శంఖాన్ని కాదు, నీళ్ళని చూడాల్సింది దొరా" అన్నాడు ఆయన కూలివాడు, ఎవరూ అడక్కుండానే. "నేను చెప్పాగా." అప్పుడు పగిలింది నవ్వు. మూడు రోజులుగా బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి రేవు మీద పడింది. క్రీల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పాస్టరు మాత్రం నవ్వలేదు. ఏడాది లేదన్నాడు, కొరడా లేదన్నాడు. అయితే సెలవడక్కుండా ప్రార్థన మధ్యలో లేచినందుకు వచ్చే సబ్బాతు నాడు వాకిట్లో అందరూ చూస్తుండగా టామ్సిన్ నిలబడాలన్నాడు. అదీ పాస్టరు బుద్ధి, పూర్తిగా వదిలితే ఆయనకి నిద్ర పట్టదు. ఆమె నిలబడింది. ప్రసంగం మొదలయ్యాక వెనక తలుపు చప్పుడైంది. ఈనోస్ ముందు బల్ల వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు, మూడు గడియారాలూ ఖాళీ అయ్యేదాకా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

పదకొండో రోజు క్రీల్ ఆమెకి కట్టడి ప్రకారం ఒక జత బట్టలు, ఒక గొడ్డలి, ఒక పార ఇచ్చి పంపాడు. పార పిడి పగిలి ఉంది. పన్నెండో రోజు సభలో మారా అవ్వ లేచి పేరు చెప్పింది. ఎవరి మనిషి అని అడిగితే, "ఎవరి మనిషీ కాదు. అదే దాని గొప్ప" అంది. తిన్నె దక్కింది.

ఆ తర్వాత మొదటి మంచు శనివారం, అదీ సగం చంద్రుడి మర్నాడే, టామ్సిన్ తన నాలుగు మంచెల మీద చేప పేర్చుకుంటుంటే, గుట్ట మీంచి ముసలి గొంతు వినిపించింది. శంఖం కాదు, గొంతు.

"టామ్సిన్ అమ్మా! ఎన్నో మెట్టు?"

ఆమె నిచ్చెన దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "రెండోది, పెద్దాయనా! ఇంకాస్త ఆగండి!"

ఆగాడు. పై మెట్టు తడిసేదాకా ఆగాడు.

అదిగో, పిలుస్తున్నాడు, వినపడిందా? ఇవాళ నిచ్చెన దగ్గరికి మీలోనే ఒకత్తి వెళ్ళండి. వంగి సరిగ్గా చూసి, గట్టిగా చెప్పండి. నేను పోయాక మీ పిల్లలు ఇదే మాట అడుగుతారు, ఎందుకమ్మా నిచ్చెనని అడుగుతారు అని. అప్పుడు మర్చిపోయామని అనకండి. ఉప్పు బస్తా మర్చిపోకండి, మారా అవ్వ మోకాళ్ళు మర్చిపోకండి, ఆ ముసలాయన పలక మీద మోకరించడం అసలే మర్చిపోకండి. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పండి. వెళ్ళండి, వెళ్ళండి, నీరు పెరుగుతోంది.